హైపో డబ్బా, బంగారు చేప

నా దుకాణంలో ఇప్పటికీ ఒక పాత రేకు డబ్బా ఉంది. మూత తీస్తే పటికబెల్లం ముక్కల్లాంటి తెల్లటి పలుకులు కనిపిస్తాయి. చిన్నపిల్లలు వస్తే డబ్బా పై అరలోకి పోతుంది, ఎక్కడ నోట్లో వేసుకుంటారోనని. దాని పేరు హైపో. 1986లో సూర్యాపేటలో ఫోటో స్టూడియో పెట్టినప్పుడు ఫోటోలు కడగడానికి కొన్న డబ్బా అది. ఇవాళ అందులోంచి చేపల తొట్లవాళ్ళకు పొట్లాలు కట్టి ఇస్తున్నాను. మందు అదే, గిరాకీయే మారింది.

హైపో వెండి లవణాలను కరిగిస్తుందని 1819లో జాన్ హెర్షెల్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. ఇరవై ఏళ్ళ తర్వాత ఫోటోగ్రఫీ పుట్టినప్పుడు బొమ్మ చెరిగిపోకుండా నిలబెట్టింది ఆ గుణమే. అదే పలుకు నీళ్ళలోని క్లోరిన్‌ను కూడా విరిచేస్తుంది. బియ్యపు గింజంత పలుకులు నాలుగైదు బకెట్ నల్లా నీళ్ళలో వేసి కలియబెడితే బ్లీచింగ్ వాసన పోతుంది. అంగట్లో ‘యాంటీ క్లోరిన్’ అని రంగురంగుల సీసాలో అమ్మేది చాలావరకు ఇదే. ఈ సంగతి నాకు చేపలు చచ్చాకగానీ తెలియలేదు.

స్టూడియోలోకి చేపలు రావడానికి కారణం ఏడుపు. పాస్‌పోర్ట్ ఫోటోకు తెచ్చిన చంటిపిల్లలు లైటు వేయగానే గుక్కపెట్టేవాళ్ళు. గిలక్కాయ ఊపినా, తల్లి చప్పట్లు కొట్టినా లాభం ఉండేది కాదు. 1991లో కెమెరా స్టాండు పక్కన రెండడుగుల తొట్టి పెట్టి మూడు గోల్డ్ ఫిష్‌లు వదిలాను. ఎర్రటి చేప తోక ఊపుకుంటూ పోతుంటే పిల్లాడు నోరు తెరిచి చూసేవాడు, నేను బటన్ నొక్కేవాణ్ణి. నా ఫోటోల్లో ఆ కాలపు సూర్యాపేట పిల్లలందరూ కాస్త ఎడమవైపే చూస్తుంటారు, గమనించండి.

అప్పట్లో మా ఊళ్ళో చేపల తొట్టి అంటే వింత. చేపంటే మాకు కూర. మృగశిర కార్తె నాడు కొర్రమట్ట దొరకకపోతే పండగ పోయినట్టే. తొట్టి చూసిన మనిషి మొదట అడిగేది, ‘ఇవి తింటరా అన్నా?’ అని. కాదంటే, ‘మరెందుకు?’ అని. మా ఆవిడ ప్రశ్న ఇంకాస్త పదునైనది. ‘మనుషులకే మంచినీళ్ళు దిక్కులేవు, చేపలకు వారం వారం నీళ్ళు మారుస్తవా?’ సూర్యాపేట అప్పుడు నల్లగొండ జిల్లాలోనే ఉండేది, ఆ జిల్లా మనిషి ఆ మాట తేలిగ్గా కొట్టిపారేయలేడు. మా బోరు నీళ్ళ ఫ్లోరైడ్‌తో కాళ్ళు వంకరపోయిన మనుషులు ఊరికి నలుగురు కనిపించిన జిల్లా అది. నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970లలో రూపొందించిన ఫ్లోరైడ్ తీసే పద్ధతికి లోకమంతా ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరే వాడుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్ళను తేర్చడం. ఊరికి పేరు రావడమంటే ఇలా కూడా వస్తుంది మరి. నీళ్ళు బిందెలతో కొనుక్కున్న ఊళ్ళో చేపలు పెంచడం నిజంగానే షోకు. అందుకే ఆ తొట్లోంచి తీసిన నీళ్ళు ఎప్పుడూ మోరీలో పోయలేదు. జామచెట్టుకు పోశాం. ఆ చెట్టు కాయలు ఇప్పటికీ పక్కింటివాళ్ళు అడిగి పట్టుకెళ్తారు.

చేపలు మద్రాసు నుంచి వచ్చేవి. అక్కడి కొళత్తూరు రంగుచేపల పెంపకానికి పెట్టింది పేరు. ఇంటి వెనక సిమెంటు తొట్లలో పిల్లలు తీస్తారు. సూర్యాపేటకు రైలు లేదు, కోదాడకూ లేదు. మిర్యాలగూడకు ఉంది. బీబీనగర్–నడికుడి లైను 1989లో పూర్తయ్యాక మిర్యాలగూడ మీదుగా దూరపు రైళ్ళు నడిచాయి. తెల్లవారుజామున స్టేషన్‌లో దిగిన థర్మాకోల్ పెట్టెను బస్సులో ఒళ్ళో పెట్టుకుని సూర్యాపేటకు తెచ్చేవాణ్ణి. పెట్టెలో ప్లాస్టిక్ సంచులు, సంచిలో మూడో వంతు నీళ్ళు, మిగతాది ఆక్సిజన్, మూతికి రబ్బరు బ్యాండు. ఇంటికొచ్చి సంచిని అరగంట తొట్లో తేలనిచ్చి, ఆ తర్వాత సంచి నీళ్ళలో తొట్టి నీళ్ళు కొద్దికొద్దిగా కలిపి అప్పుడు చేపను వదలాలి. ఒక్క డిగ్రీ తేడాకు చావదు, నాలుగైదు డిగ్రీలు ఒక్కసారి మారితే తట్టుకోదు.

మొదటి మూడు చేపలు పదకొండు రోజులు బతికాయి. తొట్టి గాజు పచ్చబడిందని ఒకనాడు నీళ్ళన్నీ తీసేసి, గులకరాళ్ళు సబ్బుతో కడిగి, నల్లా తిప్పి నిండా పట్టాను. మా ఇంట్లో శుభ్రమంటే అదే. సాయంత్రానికి చేపలు పక్కకు ఒరిగాయి, మొప్పలు తడబడ్డాయి. రాత్రి పదింటికి మూడూ తేలాయి. డార్క్ రూమ్‌లో హైపో డబ్బా ఉంది, దాని పక్క గదిలో చేపలు క్లోరిన్‌తో చస్తున్నాయి. నాకు ఆ రెండూ కలపడం తెలియలేదు. తర్వాత హైదరాబాద్‌లో ఒక ముసలి చేపల వ్యాపారి చెప్పాడు. ‘నీళ్ళు కడగకు బాబూ, నీళ్ళను పెంచు’ అన్నాడు. చేపల గురించి నేను నేర్చుకున్నదంతా ఆ మాటలో ఉంది.

చేప మొప్పల నుంచి, పెంట నుంచి అమ్మోనియా వస్తుంది. అది విషం. రాళ్ళమీద, ఫిల్టర్ స్పాంజి మీద కంటికి కనపడని సూక్ష్మజీవులు చేరి దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి, అదీ విషమే. ఇంకో రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రేట్ చేస్తాయి, దానితో పెద్ద ఇబ్బంది లేదు, వారానికి పావు వంతు నీళ్ళు మారిస్తే సరిపోతుంది. ఈ సూక్ష్మజీవుల కాపురం కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సబ్బుతో కడిగానంటే నేను ఆ కాపురం కూల్చానన్నమాట. మా బోరు నీళ్ళకు ఇంకో గుణం ఉంది. క్షారం ఎక్కువ, గాజు మీద తెల్లటి చారలు కడతాయి. గోల్డ్ ఫిష్‌కు గట్టి నీళ్ళంటే ఏమీ కాదు. కానీ క్షారం పెరిగినకొద్దీ, వేడి పెరిగినకొద్దీ అదే అమ్మోనియా ఎక్కువ విషమవుతుంది. మే నెలలో సూర్యాపేటలో ఎంత వేడో నేను చెప్పాలా?

గోల్డ్ ఫిష్ చల్లనీళ్ళ జీవి. ఇరవై, ఇరవై రెండు డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. ఆ వేడి దగ్గర లీటరు నీళ్ళలో సుమారు తొమ్మిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, ముప్ఫై డిగ్రీలకు ఏడున్నర. వేడికి చేప ఒంట్లో పని పెరిగి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, నీళ్ళలో తగ్గుతుంది. ఇది ఒక వింత చేప కూడా. చలిదేశాల్లో చెరువు గడ్డకట్టి ఆక్సిజన్ అయిపోతే, ఒంట్లో చేరే ఆమ్లాన్ని సారాగా మార్చుకుని మొప్పల్లోంచి వదిలేసి నెలల తరబడి బతుకుతుంది. ఆ కీలకం ఎక్కడుందో ఓస్లో, లివర్‌పూల్ విశ్వవిద్యాలయాల వాళ్ళు 2017లో తేల్చారు. సొంతంగా సారా కాచుకునే ఆ జీవికి మా ఎండాకాలంలో మాత్రం ఆ విద్య పనికిరాదు, చలిలోనే పనిచేస్తుంది. కరెంటు కోత పెట్టిన మధ్యాహ్నం ఎయిర్ పంపు ఆగిపోతే చేపలు మూతి పైకి పెట్టి గుటకలు వేసేవి. స్టూలు మీద నిలబడి చెంబుతో నీళ్ళు తీసి పైనుంచి ధారగా పోస్తుండేవాణ్ణి. ఫోటోలు దిగడానికి వచ్చినవాళ్ళు కూడా కాసేపు పోసి వెళ్ళేవాళ్ళు.

ఇవన్నీ పుస్తకం చదవకుండా చేసిన మనిషి మా నాయనమ్మ. ఊళ్ళో మా పాత ఇంటి వెనక సగం దాకా భూమిలో పాతిన మట్టి గోలెం ఉండేది. కుడితి గోలెం కాదు, దాని పక్కన నీళ్ళకు పెట్టిన పెద్దది. దోమలు పెరగకుండా అందులో పరక పిల్లలు వదిలేది. నా దగ్గర మిగిలిన రెండు గోల్డ్ ఫిష్‌లను 1994 వేసవిలో అక్కడ వదిలొచ్చాను, స్టూడియోలో చచ్చేట్టున్నాయని. జామచెట్టు నీడ, మూడడుగుల వెడల్పు మూతి, భూమిలో పాతినందున అడుగు చల్లగా, గోడకు నాచు. దసరాకు పోతే వేలెడు చేపలు జానెడయ్యాయి. పంపు లేదు, ఫిల్టర్ లేదు. నాయనమ్మ వాటికి ప్రత్యేకంగా పెట్టిందీ ఏమీ లేదు, దోమ పురుగులే తిన్నాయి. ‘గింత చిన్న డబ్బల ఎట్ల బతుకుతయ్ బిడ్డా, తిరగనియ్యాలె గద’ అంది.

బంగారు చేప పుట్టుక చదివాక నాయనమ్మ గోలెమే అసలు పద్ధతని తెలిసింది. చైనాలో బూడిదరంగు కార్ప్ జాతి చేపల్లో అప్పుడప్పుడూ ఎర్రవి పుట్టేవి. వాటిని వేరుచేసి చెరువుల్లో పెంచడం సోంగ్ వంశం కాలానికి (960–1279) రాచ షోకు అయింది. 1162లో సోంగ్ మహారాణి వీటికోసం కొలను కట్టించిందంటారు. పసుపు రాజుల రంగు గనుక బంగారు పసుపు చేపలు మామూలు జనం పెంచకూడదనే ఆంక్ష ఉండేదట. మింగ్ వంశం నాటికి (1368–1644) చేప చెరువులోంచి పెద్ద పెద్ద కుండల్లోకి వచ్చింది. కుండలో పెట్టాక పైనుంచి చూడటమే కుదురుతుంది. అందుకే జంట తోక, గుండ్రటి ఒళ్ళు, ఉబ్బిన కళ్ళు, ఇలా వీపు మీదుగా చూస్తే అందంగా కనిపించే రూపాల్ని ఏరి ఏరి పెంచారు. 1596లో జాంగ్ చియెందె వీటిమీద ఏకంగా పుస్తకమే రాశాడు. జపాన్‌కు వెళ్ళాక అక్కడ సమురాయిలు ఈ పని పట్టుకున్నారు. 1724లో యానగిసావా ప్రభువు కోరియామకు మారినప్పుడు వెంట తెచ్చిన చేపలతో ఆ ఊరు ఇప్పటికీ గోల్డ్ ఫిష్ ఊరే. కొలువులు పోయిన యోధులు కత్తి పక్కన పెట్టి చేపపిల్లల్ని అమ్ముకున్నారు. కెమెరా పక్కన పెట్టి చేపలు అమ్మిన నాకు ఆ కథంటే ప్రత్యేక అభిమానం.

మనవైపు రాజులకూ చేపల సరదా తెలుసు. తెలంగాణలో చాలాభాగాన్ని ఏలిన కల్యాణి చాళుక్యుల్లో మూడో సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో రాసిన మానసోల్లాసంలో మత్స్యవినోదం అని ఒక భాగమే ఉంది. ఏ చేపకు ఏ మేత వేయాలో చెబుతాడు. అయితే చివరికి వాటిని గాలం వేసి పట్టడానికే. రాజైనా మనవాడే కదా.

గోల్డ్ ఫిష్‌కు అసలు కష్టం గాజుతో వచ్చింది. పదిహేడో శతాబ్దంలో ఐరోపా చేరింది. 1853లో లండన్ జూలో చేపల ఇల్లు తెరిచారు, మరుసటి ఏడు ఫిలిప్ గాస్ పుస్తకంతో ‘అక్వేరియం’ అనే మాట ఇంటింటి మాటైంది. గుండ్రటి గాజు గిన్నె కూడా బల్లమీదికెక్కింది. మూతి ఇరుకు గనుక గాలి తగిలే నీటి పైభాగం తక్కువ, నీళ్ళు నాలుగైదు లీటర్లు, తిరిగే చోటు సున్నా. ఆ బొమ్మే క్యాలెండర్లలో, కార్టూన్లలో, సినిమాల్లో మన దాకా వచ్చింది. ఇటలీలో మోంజా పట్టణం 2004లో, రోమ్ నగరం 2005లో ఈ గుండ్రటి గిన్నెల్లో చేపల్ని పెట్టడాన్ని నిషేధించాయి. మా దగ్గర మాత్రం పుట్టినరోజు కానుకకు ఇప్పటికీ దాన్నే అడుగుతారు. నేను అమ్మను. అమ్మనన్నందుకు పోయిన గిరాకీ తక్కువేమీ కాదు.

ఇక్కడ తొట్లు చేసిన చరిత్ర అంతా కోదాడలో ఫోటో ఫ్రేములు కట్టే నా మిత్రుడిది. గాజు కోసే వజ్రపు కలం అతని దగ్గరే ఉండేది. మొదట్లో ఇనుప యాంగిల్ ఫ్రేము వెల్డింగ్ చేసి, గాజు బిగించి, సందుల్లో లప్పం పెట్టేవాడు. ఏడాదికి ఇనుము తుప్పు పట్టి లప్పం పగిలేది, ఒక రాత్రి గది నిండా నీళ్ళు. తర్వాత సిలికాన్ ట్యూబులొచ్చాయి. ఫ్రేము పోయింది. గాజు అంచును స్పిరిట్‌తో తుడిచి, గన్‌తో సన్నగా సిలికాన్ గీత లాగి, వేలికి సబ్బునీళ్ళు రాసుకుని ఒక్క ఊపులో సర్దేవాడు. మధ్యలో ఆగితే గీత తెగుతుంది, తెగినచోటే కారుతుంది. ఆరేదాకా దుకాణమంతా వెనిగర్ వాసన. రెండ్రోజులాగి నీళ్ళు నింపి, కింద న్యూస్ పేపర్ పరిచి రాత్రంతా వదిలేవాడు. పొద్దున పేపరు తడవకపోతేనే తొట్టి బయటికి పోయేది.

అతను నాకు నేర్పిన లెక్క ఇప్పటికీ గిరాకీకి చెబుతాను. ఒక ఘనపుటడుగు నీళ్ళంటే ఇరవై ఎనిమిది లీటర్లు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి నిండా నింపితే యాభై ఆరు లీటర్లు, రాళ్ళూ ఖాళీ తీసేస్తే యాభై కూడా ఉండవు. అందులో గోల్డ్ ఫిష్ పిల్లను పెట్టొచ్చు గానీ పెద్దదాన్ని పెట్టలేం. మూడడుగులు, అడుగున్నర, అడుగున్నర అయితే నూటతొంభై లీటర్లు. గుండ్రటి ఒంటి ఒరండాలో, బ్లాక్ మూర్‌లో మూడు హాయిగా ఉంటాయి. పొడుగు ఒంటి కామెట్, షుబుంకిన్ అయితే అడుగు దాకా పెరుగుతాయి, వాటికి ఆవరణలో సిమెంటు తొట్టే మేలు. ‘తొట్టిని బట్టే చేప పెరుగుతుంది గద’ అనేవాళ్ళు ప్రతివారం ఒకరుంటారు. పెరగదు, నిజమే. తన పెంటలో తాను మగ్గి గిడసబారుతుంది, నడుం వంగుతుంది, రెండేళ్ళలో పోతుంది. ఇంగ్లండ్‌లో టిష్ అనే గోల్డ్ ఫిష్‌ను 1956లో సంతలో ఆటలో గెల్చుకున్నారు. అది 1999 దాకా, నలభై మూడేళ్ళు బతికింది. మన దగ్గర ఒక చేప ఆర్నెల్లు బతికితే బాగా చూసుకున్నామంటాం.

మిర్యాలగూడ సంగతి వేరు. 1967 ఆగస్టు 4న నాగార్జున సాగర్ కాలువల్లోకి నీళ్ళు వదిలాక ఎడమ కాలువ కింద వరి వచ్చింది, వరి వెంట మిల్లులొచ్చాయి. అక్కడ ఉప్పుడు బియ్యానికి వడ్లు నానబెట్టే తొట్లు చూసిన కళ్ళకు మా తొట్లు అగ్గిపెట్టెల్లా కనిపించేవి. ఒక మిల్లు సేటు తన ఆఫీసులో పెడతానని నన్ను పిలిచాడు. అప్పటికి ఫెంగ్‌షూయి, వాస్తు కలగలిసిన గాలి వీస్తోంది. ఈశాన్యంలో తొట్టి, ఎనిమిది ఎర్ర చేపలు, ఒక నల్ల చేప. కీడొస్తే నల్ల చేప మీదికి పోతుందట. రెండడుగుల తొట్టిలో తొమ్మిది వేయమన్నాడు. ‘సేటూ, కీడు ఎక్కడినుంచో రానక్కర్లేదు, ఆ తొట్లోనే ఉంది’ అన్నాను. నవ్వాడు గానీ వినలేదు. నల్లదే ముందు చచ్చింది. దిష్టి పోయిందని నాకు మిఠాయి పంపాడు. రెండోది చచ్చినప్పుడు మాత్రం ఫోన్ చేశాడు. చివరికి మిల్లు ఆవరణలో వేపచెట్టు కింద ఆరడుగుల సిమెంటు తొట్టి కట్టించాడు. కొత్త సిమెంటులో సున్నం ఊరుతుంది గనుక నెలరోజులు నీళ్ళు నింపుతూ తీస్తూ, అరటి బోదె ముక్కలు వేసి కుళ్ళబెట్టి, ఆపైన చేపల్ని వదిలాం. హమాలీలు మధ్యాహ్నం ముద్ద తిని ఆ గట్టుమీదే కూచునేవాళ్ళు. మెతుకులు వేయొద్దని నేను, వేస్తామని వాళ్ళు. గోల్డ్ ఫిష్‌కు జీర్ణాశయమనే సంచి లేదు, తిన్నది తిన్నట్టు పేగులోకి పోతుంది. ఎంత పెట్టినా అడుగుతూనే ఉంటుంది. రెండు నిమిషాల్లో తినేసేంతే పెట్టాలి. బొంగులు, బ్రెడ్డు ముక్కలు పనికిరావు.

2005 దాటాక డిజిటల్ కెమెరాలొచ్చి డార్క్ రూమ్‌కు తాళం పడింది. 2012 జనవరిలో కొడాక్ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది. అప్పటికి నా ఆదాయంలో సగం చేపలదే. ఎర్ర బల్బు గదిలో ఇప్పుడు జబ్బు చేపల తొట్లున్నాయి. తెల్ల మచ్చలొచ్చినవాటికి కళ్ళుప్పు, మిథిలీన్ బ్లూ. చీకటిగా ఉంటే అవీ నెమ్మదిస్తాయి.

మధ్యలో వచ్చిన ఇంకో సరుకు గురించి చెప్పాలి. నాచు తింటుంది, తొట్టి శుభ్రం చేస్తుందని ‘సక్కర్ ఫిష్’ను మేమందరం అమ్మాం, నేనూ అమ్మాను. అరచేయంత ఉన్నప్పుడు ముద్దుగానే ఉంటుంది. అడుగు దాటాక ఇంట్లోవాళ్ళు తీసుకెళ్ళి చెరువులో వదిలారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ గట్టి చర్మపు చేపను ఇప్పుడు మన జాలర్లు దెయ్యం చేప అంటున్నారు. వలలు చింపుతుంది, ఎవరూ కొనరు. తూర్పు కనుమల నీటివనరుల్లో సగానికి పైగా చోట్ల దాని జాడ ఉందని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు నీళ్ళ నమూనాలు పరీక్షించి తేల్చారు. నేను దాన్ని అమ్మడం మానేశాను. అమ్మినవి వెనక్కి రావు.

గోల్డ్ ఫిష్ కూడా కార్ప్ బంధువే. చెరువులో అడుగు కెలుకుతుంది, మన పరకల మేత తింటుంది, జబ్బులు అంటిస్తుంది. ఊరు మారేవాళ్ళు, పిల్లలు హాస్టల్‌కు పోయినవాళ్ళు, విసుగొచ్చినవాళ్ళు సూర్యాపేట సద్దుల చెరువు గట్టుకు పోయి సంచి విప్పకండి. కోదాడ పెద్ద చెరువులోనూ వద్దు, సాగర్ కాలువలోనూ వద్దు. నా దుకాణానికి తెచ్చి ఇవ్వండి. ఎన్ని ఉన్నా తీసుకుంటాను, పైసా అడగను.